రోజుకు 500 పౌండ్లా, గంటకు 80 డాలర్లా: ఏ కాంట్రాక్ట్ మేలు?

[స్క్రీన్ మీద రెండు ఆఫర్లు పక్కపక్కన]

లండన్ నుంచి ఒక కాంట్రాక్ట్: రోజుకు 500 పౌండ్లు. అమెరికా నుంచి ఇంకొకటి: గంటకు 80 డాలర్లు. ఏది తీసుకోవాలి? చాలామంది వెంటనే కరెన్సీ కన్వర్టర్ తెరుస్తారు. దాంతో లెక్క తేలదు. ఆ రేటులోంచి ఎవరెవరికి ఎంత కట్టాలన్నది దేశాన్ని బట్టి మారిపోతుంది.

ముందు లండన్ సంగతి చూద్దాం. ఏడాదిలో శని, ఆదివారాలు పోతే సుమారు 260 పనిదినాలు. ఇంగ్లండ్‌లో బ్యాంక్ హాలిడేలు 8. మన సెలవులు 25, ఒంట్లో బాగోని రోజులు 5 అనుకుందాం. ఒక కాంట్రాక్ట్ అయిపోయి ఇంకోటి దొరికేలోపు ఆరు వారాలు ఖాళీగా ఉండాల్సి వస్తే, ఇన్‌వాయిస్ వేయగలిగేది 192 రోజులకే. అంటే 96,000 పౌండ్లు.

[స్క్రీన్ మీద: 192 × 500 = 96,000]

ఇది కూడా చేతికొచ్చే డబ్బు కాదు. అక్కడ ఐఆర్35 అనే పన్ను నిబంధన 2000 నుంచి ఉంది. పేరుకి మీరు కాంట్రాక్టరే అయినా, పని తీరు ఉద్యోగిలా ఉంటే ఉద్యోగి లాగే పన్ను కట్టాలి. అలాంటి కాంట్రాక్ట్‌ని 'ఇన్‌సైడ్' అంటారు, అలా కాకపోతే 'అవుట్‌సైడ్'. ఎక్కువగా అంబ్రెల్లా కంపెనీ, అంటే కాంట్రాక్టర్లను తన ఉద్యోగులుగా చూపే మధ్యవర్తి సంస్థ ద్వారా జీతం వస్తుంది. యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) కూడా మీ 500లోంచే పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి అది 15 శాతం. మన 96,000లో సుమారు 12,000 పౌండ్లు జీతంగా మారకముందే వెళ్లిపోతాయి. ఆ తర్వాతే మీ ఆదాయపు పన్ను మొదలవుతుంది. సెలవుల జీతం కూడా ఆ రేటులోదే, అదనంగా ఎవరూ ఇవ్వరు. అందుకే 'అవుట్‌సైడ్' 450, 'ఇన్‌సైడ్' 500 ఎదురుగా ఉంటే నేను ముందు 450 కాంట్రాక్ట్‌నే చదువుతాను.

ఈ నిబంధన మార్కెట్‌నే మార్చేసింది. ఇన్‌సైడా, అవుట్‌సైడా అని తేల్చే బాధ్యత 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు రంగంలోని మధ్యతరహా, పెద్ద క్లయింట్ల మీద పడింది. పొరపాటైతే పన్ను తమ మెడకు చుట్టుకుంటుందని కొన్ని పెద్ద బ్యాంకులు సొంత లిమిటెడ్ కంపెనీ ఉన్న కాంట్రాక్టర్లను తీసుకోవడమే మానేశాయి.

[స్క్రీన్ మీద: అమెరికా]

ఇక 80 డాలర్లు. ఏడాదికి 1,500 గంటలు బిల్ చేస్తే 1,20,000. మీరు 1099 మీద, అంటే స్వతంత్ర కాంట్రాక్టర్‌గా ఉంటే సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) పన్నుల్లో ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ మీరే కట్టాలి, కలిపి 15.3 శాతం. ఈ ఆదాయం మీద సుమారు 17,000 డాలర్లు. ఆదాయపు పన్ను వేరే, మూడు నెలలకోసారి ముందుగానే అంచనా వేసి కట్టాలి. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా మీదే. కుటుంబం ఉన్నవాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే. అదే పని డబ్ల్యూ2 మీద, అంటే ఉద్యోగిగా చేస్తే ఆ 15.3లో సగం యజమాని కడతాడు. కాబట్టి డబ్ల్యూ2లో కొంచెం తక్కువ రేటు వచ్చినా నష్టం కాకపోవచ్చు.

జర్మనీలో భయం వేరు. పేరుకే స్వతంత్రం, నిజానికి ఉద్యోగం అని పెన్షన్ బీమా సంస్థ తేలిస్తే, నాలుగేళ్ల పాత సామాజిక బీమా చందాలు కూడా క్లయింట్‌ని అడగొచ్చు. అందుకే అక్కడి కంపెనీలు ఒకే మనిషిని ఏళ్ల తరబడి కాంట్రాక్ట్‌లో ఉంచడానికి జంకుతాయి. నెదర్లాండ్స్‌లోనూ ఇలాంటి తనిఖీలు 2025 జనవరి 1 నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఆస్ట్రేలియాలో మాత్రం ఒక్క మాట కనిపెట్టి ఉండాలి: రేటు 'ప్లస్ సూపర్' అన్నారా, 'సూపర్‌తో కలిపి' అన్నారా? సూపర్ అంటే రిటైర్మెంట్ నిధి. 2025 జులై నుంచి అది 12 శాతం, చిన్న తేడా కాదు.

[స్క్రీన్ మీద ప్రశ్నలు ఒక్కొక్కటిగా]

ఏజెన్సీ ఫోన్‌లో రేటు చెప్పగానే సరే అనకండి. ఈ రేటులో యజమాని వాటా కూడా ఉందా? కాంట్రాక్ట్ మధ్యలో ఆపాలంటే క్లయింట్ ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఇన్‌వాయిస్ ఎన్ని రోజులకు క్లియర్ అవుతుంది? 60 రోజులంటే, మొదటి రెండు నెలలు మీ సేవింగ్స్ మీదే బతకాలి. ఈ మూడింటికీ జవాబు ఈమెయిల్‌లో రాసి పంపమనండి.