మేకలన్నీ ఒక్క మాట మీదుంటేనా!

అక్క: నమస్కారమండీ. పలాసలో మా వసారాలో కూర్చుని రికార్డు చేస్తున్నాం. మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఇవాళ్టి కబుర్లు పులీమేకా ఆట మీద.

తమ్ముడు: ఆ ఆటలో నేనెప్పుడూ పులినే.

అక్క: మరి మొన్న సంక్రాంతికి నాలుగు మేకలతో నీ పులిని మూలన కట్టేసిందెవరు?

తమ్ముడు: ముందు ఆట చెప్పక్కా, తెలియనివాళ్ళు వింటారు.

అక్క: సరే. సుద్దముక్కతో త్రికోణం గియ్యాలి. పై కొన నుంచి కింది గీత దాకా, త్రికోణం పక్కలు రెండూ కలిపి నాలుగు గీతలు ఉండాలి. వాటికి అడ్డంగా, రెండు పక్కలా బయటికొచ్చేలా మూడు గీతలు. ఆ మూడింటి చివర్లనీ రెండు వైపులా నిలువుగా కలిపెయ్యాలి. గీతలు కలిసే చోట్లు మొత్తం 23. పులులు 3, మేకలు 15. మేకల్ని ఒక్కొక్కటిగా దించాలి, పదిహేనూ దిగేదాకా ఏదీ కదలకూడదు. పులి మాత్రం మొదటినుంచీ తిరుగుతుంది. పక్కనున్న మేక మీంచి తిన్నగా అవతలి ఖాళీలోకి దూకిందా, ఆ మేక పోయినట్టే. పులులన్నిటినీ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు.

తమ్ముడు: మేకలకి దూకుడూ లేదు, తిండీ లేదు. ఎవరు తీసుకుంటారు ఆ వైపు?

అక్క: తెలివున్నవాళ్ళు! పై కొన, కింది రెండు మూలలు, పక్కల నాలుగు మూలలు... ఈ ఏడు చోట్లా మేకని తినడం పులి వల్ల కాదు. గీతలన్నీ అక్కడితో ఆగిపోతాయి కదా, అవతలికి దూకేదెక్కడికి? మొదటి మేకలు అక్కడ దించాలి. అదే మూలకి పులి వచ్చిందనుకో, దానికి దారులు రెండే. చెరో దారిలో ఒక మేక, దాని వెనక ఇంకో మేక. నాలుగింటితో పులి పని సరి.

తమ్ముడు: అందుకే నేను పై కొనలో కూర్చుంటాను. అక్కడ కట్టెయ్యాలంటే ఎనిమిది మేకలు కావాలి.

అక్క: కూర్చో. కదలకుండా ఏం తింటావో నేనూ చూస్తాను.

తమ్ముడు: అసలు మనకి ఇది అబ్బింది 2018 అక్టోబరులో, తిత్లీ తుపాను తర్వాత.

అక్క: అవును. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. తోటలో జీడిచెట్లు పడిపోయాయని నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్నమ్మే లాంతరు పక్కన గీతలు గీసింది. పులులకి చింతపిక్కలు, మేకలకి డబ్బాలో మిగిలిన జీడిపప్పు.

తమ్ముడు: నాన్నమ్మ ఒక్కతే పులులు, మనందరం మేకలు. పట్టిన మేకని అక్కడే నోట్లో వేసుకునేది. పులులన్నీ కదల్లేకపోతే మిగిలిన పప్పంతా మనది.

అక్క: ఎక్కడ మిగలనిచ్చారు? ‘ఇటు పెట్టు’ అని నువ్వు, ‘అటు పెట్టు’ అని అమ్మ. పులికి పనే లేదు, మేకలే కుమ్ముకున్నాయి.

తమ్ముడు: పదిహేనూ దించేసరికి నాన్నమ్మ తిన్నది ఒక్కటే. గీతల మీద లెక్కపెడితే పన్నెండే ఉన్నాయి.

అక్క: అందరం నాన్న వైపు చూశాం. నోరు మూసే ఉంది గానీ, దవడ ఆడుతోంది.