దూరం నుంచి వచ్చేవాళ్ళకు ముందు మంచినీళ్ళు

అందరికీ నమస్కారం. మెక్సికోవాళ్ళు చనిపోయినవాళ్ళకు చేసే పండుగ గురించి మాట్లాడమన్నారు. పుర్రె బొమ్మల స్లైడ్లు చూపిస్తాననుకుని ఉంటారు. పుర్రెల దగ్గరికి తర్వాత వస్తాను. మంచినీళ్ళ గ్లాసుతో మొదలుపెడతాను.

చనిపోయినవాళ్ళు నవంబరు 1, 2 తేదీల్లో ఇంటికొస్తారని అక్కడి నమ్మకం. వాళ్ళకోసం చాలా ఇళ్ళలో ఒక బల్ల అలంకరిస్తారు. దాన్ని ఒఫ్రెండా అంటారు. దానిమీద పోయినవాళ్ళ ఫోటోలు, కొవ్వొత్తులు, ఉప్పు, కోపాల్ ధూపం ఉంటాయి. కోపాల్ అంటే చెట్టు బంక, మన సాంబ్రాణికి చుట్టమనుకోండి. వీటి మధ్య నీళ్ళు తప్పనిసరి. అంత దూరం నుంచి వచ్చేవాళ్ళకు దాహం వేస్తుంది కదా! కొన్నిచోట్ల బేసిన్‌లో నీళ్ళు, సబ్బు, తువ్వాలు కూడా పెడతారు, మొహం కడుక్కుని భోజనానికి కూర్చుంటారని. చుట్టం గుమ్మంలోకి రాగానే కాళ్ళకు నీళ్ళిచ్చే ఇంట్లో పెరిగాను నేను. ఆ తువ్వాలు సంగతి చదివాక, ఇది నాకు తెలియని పండుగేమీ కాదనిపించింది.

ఆ బల్ల దగ్గరికి ‘పితృదేవతలు’ అని గంపగుత్తగా ఎవరూ రారు. ఫలానా మనిషి వస్తాడు. తాతకు మెస్కాల్ సారా ఇష్టమైతే అదే పోస్తారు. సిగరెట్లు కాల్చేవాడైతే ఆయన కాల్చే రకమే పెడతారు. చాలాచోట్ల 1వ తేదీ పిల్లలది, 2వ తేదీ పెద్దలది. పిల్లల కోసం బొమ్మలు, మిఠాయిలు పెడతారు, వంటల్లో కారం తగ్గిస్తారు. చనిపోయిన బిడ్డకు నోరు మండుతుందని కూరలో కారం తగ్గించే తల్లిని ఒక్కసారి ఊహించుకోండి. తర్వాత ఆ తిండి ఇంట్లోవాళ్ళే తింటారు. రుచీ వాసనా వచ్చినవాళ్ళు తీసుకుపోయారు, ఇక చప్పగానే ఉంటుందంటారు.

వాళ్ళు దారి తప్పకుండా వీధి గుమ్మం నుంచి బల్లదాకా పూలరేకులు చల్లుతారు. ఏ పువ్వనుకుంటున్నారు? మన బంతిపువ్వే. అక్కడ దాని పేరు సెంపాసూచిల్. నావాటల్ భాషలో ‘ఇరవై పువ్వు’ అని అర్థం. అసలు బంతి పుట్టిల్లే మెక్సికో. కొలంబస్ తర్వాత ఐరోపా ఓడలెక్కి లోకమంతా తిరిగి, మన గుమ్మాలకూ చేరింది. తెలంగాణలో పెత్రమాసనాడు పెద్దలకు పెట్టుకుని, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. అందులోనూ బంతి ఉంటుంది. ఎవరూ ఎవరిని చూసి నేర్చుకున్నది కాదు, పువ్వు మాత్రం ఒకటే.

కాంపెచె రాష్ట్రంలో పోముచ్ అనే ఊరుంది, మాయా అనే ఆదివాసీ జనం ఉండే ఊరు. అక్కడ పాతిపెట్టిన మూడేళ్ళ తర్వాత ఎముకలు బయటికి తీసి చెక్కపెట్టెలో సర్దుతారు. ఏటా పండుగ ముందు కుటుంబమంతా శ్మశానానికి వెళ్ళి ఒక్కో ఎముకనూ గుడ్డతో, బ్రష్షుతో తుడుస్తారు. పెట్టెలో పాత గుడ్డ తీసేసి కొత్తది వేస్తారు, కుట్టుపువ్వులతో, పేరుతో. మనకు ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళ లెక్కలో మాత్రం అది పండక్కి కొత్తబట్టలు పెట్టడమే.

ఇక పుర్రెలు. పూలటోపీ పెట్టుకుని నవ్వే ఎముకలమ్మ పేరు కత్రీనా. హోసే గ్వాడలూపె పొసాడా అనే చిత్రకారుడు 20వ శతాబ్దం మొదట్లో గీశాడు, తమ మూలాలు దాచుకుని ఫ్రెంచి సోకులకు పోయేవాళ్ళను ఎగతాళి చేస్తూ. 1947లో డియెగో రివేరా అనే మరో చిత్రకారుడు తన గోడచిత్రంలో ఆమెకు నిలువెత్తు ఒళ్ళూ గౌనూ ఇచ్చాడు. ఈ పండుగ రోజుల్లో బతికున్నవాళ్ళ మీద, చచ్చిపోయారన్నట్టుగా, వెక్కిరింపు పద్యాలు రాసి పత్రికల్లో అచ్చేస్తారు. మన దగ్గరైతే కొట్లాటే.

ఈ పండుగ స్పెయిన్‌వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన అజ్టెక్కుల నాటిదా, స్పెయిన్ క్రైస్తవులు తెచ్చిందా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. రెండూ కలిశాయని నా అభిప్రాయం. 2008లో యునెస్కో జాబితాకెక్కింది. మెక్సికో సిటీలో జరిగే భారీ ఊరేగింపు మాత్రం ప్రాచీనం కాదు. 2015 నాటి జేమ్స్ బాండ్ సినిమాలో అలాంటిది చూపించారు, మరుసటి ఏడాది నగరం నిజంగానే మొదలుపెట్టింది! నాకు దానిమీద పెద్ద మోజు లేదు. టూరిస్టుల బస్సులు ఎక్కడ ఆగినా, పండుగ మాత్రం వంటింట్లోనే జరుగుతుంది.

మాది శ్రీకాకుళం వైపు. సంక్రాంతికి మా పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం. మా నాన్నమ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోట్లో పెట్టుకుని. ఆవిడ ఫోటో ముందు చీర పెడతాం, అరిసెలు పెడతాం, చుట్ట మాత్రం ఎన్నడూ పెట్టలేదు. నలుగురూ చూస్తే ఏమనుకుంటారని నాన్నకు మొహమాటం. మెక్సికో సంగతులు చదివిన ఏడు, ‘ఈసారి ఒక చుట్ట పెడదామా?’ అని అడిగాను. ‘నీకేమైనా పిచ్చా’ అన్నారు. అరిసెలు సర్దుతూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నారు: ‘ఆవిడ కాల్చే రకం ఇప్పుడు దొరకదురా. నేను రెండు కొట్లు తిరిగాను.’