అద్దెకిచ్చే పాత ఇల్లు: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

పెద్దలందరికీ నమస్కారం.

ఏదైనా ఇంజనీరింగు విషయం చెప్పమన్నారు సంఘంవారు. వంతెనల గురించి మొదలుపెడితే మీలో సగంమంది కునుకు తీస్తారని నాకు తెలుసు. అందుకే మీ జేబులకి సంబంధించిన విషయం ఎంచుకున్నాను. మన రాజమండ్రిలో ఇన్నీసుపేటలోనో, ఆర్యాపురంలోనో, దానవాయిపేటలోనో మీకు నాన్నగారు కట్టిన ఇల్లో తాతగారు కట్టిన ఇల్లో ఉంటుంది. మీరు అపార్టుమెంటుకి మారిపోయారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. ఇల్లు అమ్మడానికి మనసొప్పదు, తాళం వేసి ఉంచితే పాడైపోతుంది. బాగుచేయించి అద్దెకిద్దామనుకుంటారు. అక్కడివరకూ ఆలోచన మంచిదే. ఆ తర్వాత మేస్త్రీ వస్తాడు, టైల్సు కొట్టువాడు వస్తాడు, అమెరికా నుంచి అబ్బాయి ఫోన్లో ఫొటోలు పంపిస్తాడు. ఇంట్లో అవసరమైనది తప్ప మిగతావన్నీ మారిపోతాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అద్దెకొచ్చేవాళ్ళు డబ్బిచ్చేది నీళ్ళకి, కరెంటుకి, స్నానాలగదికి, గాలికి, గట్టి గొళ్ళేనికి. పాత గోడ బతికేది తన పద్ధతిలో తనని ఉండనిస్తేనే. ఈ రెంటికీ సంబంధంలేని ఖర్చు ఏదైనా మీ సరదా ఖర్చే. సరదా తప్పని నేననను, దాన్ని అద్దె లెక్కలో మాత్రం కలపకండి.

ముందు గోడ సంగతి. సిమెంటు విరివిగా దొరకని రోజుల్లో కట్టిన ఇళ్ళకి గోడలు సున్నంతో లేచాయి. ఎద్దులు తిప్పే గానుగలో సున్నమూ ఇసుకా నూరి, పైపూతలోనూ డాబా మీదా కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవారు. ఆ ఇళ్ళలో చాలావాటికి పునాది మీద చెమ్మని ఆపే పొర ఉండదు. మన గోదావరి నేల సంగతి తెలుసు కదా, చెమ్మ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం గోడ దాన్ని పీల్చుకుంటుంది, ఎండాకాలంలో బయటికి వదిలేస్తుంది. ఏడాదికోసారి వెల్ల వేస్తే సరిపోయేది. ఇప్పుడేం చేస్తున్నారు? కింద మూడడుగుల మేర సున్నం పూత రాలుతోందని దాన్ని కొట్టించేసి సిమెంటు పూత పూయిస్తున్నారు. పైన పుట్టీ, ఆపైన ప్లాస్టిక్ పెయింటు. మొదటి సంవత్సరం అద్దంలా ఉంటుంది. రెండో వర్షాకాలానికి సిమెంటు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ, దాని పైన, మళ్ళీ ఉప్పు పూస్తుంది. చెమ్మకి పక్కకి దారి మూసేశాం కాబట్టి అది పైకి దారి వెతుక్కుంది. మూడడుగుల దగ్గరున్న మచ్చ ఐదడుగులకి వచ్చింది. మేస్త్రీ మళ్ళీ వచ్చి "ఈసారి ఐదడుగులు కొట్టేద్దామండి" అంటాడు. పాపం, అతని తప్పు కాదు, అతనికి తెలిసింది సిమెంటు ఒక్కటే.

చేయాల్సిన పని తిరగేసి చేయాలి. సిమెంటు పూత ఉంటే జాగ్రత్తగా తీయించండి. పూసిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపించండి. నీళ్ళతో కడిగితే అదే ఉప్పు కరిగి లోపలికి పోతుంది. ఒక ఎండాకాలం గోడని ఆరనివ్వండి. తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుకతో పూత, పైన వెల్ల. సున్నం పని తెలిసిన కుర్రమేస్త్రీలు లేరంటారు, నిజమే. డెబ్బై దాటిన ముసలి మేస్త్రీకి కుర్చీ వేసి, రోజు కూలీ ఇచ్చి కూర్చోబెట్టండి. ఆయన చెబుతుంటే కుర్రాళ్ళు చేస్తారు. ఇంకో మాట, గోడ బయటివైపు కూడా చూడండి. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెంచుకుంటూ పోయారు, మీ అరుగు ఇప్పుడు రోడ్డుకి కిందే ఉంది. వాన నీరు గోడ మొదట్లో నిలుస్తుంటే లోపల ఏ పూత పూసినా ఉపయోగం లేదు. నీటికి వాలు ఇచ్చి కాలువలోకి పంపండి, గోడకానుకున్న పూలకుండీలు తీసేయండి.

ఇక పైకప్పు. మన బంగాళా పెంకు అనేది మంగళూరు పెంకే. 1865లో బాసెల్ మిషన్‌వాళ్ళు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత పడమటి తీరం నుంచి దేశమంతా పాకింది. పెంకు పగిలితే కొత్తది తెచ్చి పెడదామనుకుంటారు, అది కూర్చోదు. ఎందుకంటే ఒక్కో కంపెనీ పెంకుకి ఒక్కో రకం గాడి. పెంకు తిరగేస్తే వెనక కంపెనీ గుర్తు కనిపిస్తుంది. అదే గుర్తున్న పెంకులు పాత ఇళ్ళు పడగొట్టినచోట దొరుకుతాయి, ఓ వంద ఎక్కువ కొని పెరట్లో పేర్చి ఉంచండి. చూరు వరసనీ వెన్ను వరసనీ తీగతో కట్టించండి. 1996 నవంబరు తుఫాను కోనసీమలో ఏం చేసిందో ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

దూలం పరీక్ష ఇంట్లో మీరే చేసుకోవచ్చు. దూలం మధ్యలో చూడకండి, గోడలో దూరే చివర చూడండి. చెమ్మ తగిలేదీ, చెద పట్టేదీ ముందు అక్కడే. స్క్రూడ్రైవరు మొనతో నొక్కండి. గట్టి టేకైతే మొన జారిపోతుంది. పుచ్చిపోతే వెన్నలో దిగినట్టు అంగుళం దిగుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, మోసపోవద్దు. చెదకైతే గోడా నేలా కలిసేచోట అడుగుకో రంధ్రం చేసి మందు పోసి మూసేయాలి. చెక్కకి మందు పూసి వెళ్ళిపోయేవాణ్ణి నమ్మకండి, చెద ఉండేది నేలలో.

ఫాల్స్ సీలింగు వద్దని బతిమాలుతున్నాను. పెంకు కింద గాలి ఆడకపోతే వాసాలు చెమరుస్తాయి. కారుతున్నచోటు కనబడదు. ఎలుకలకి మాత్రం రెండంతస్తుల మేడ కట్టించినట్టవుతుంది.

చాలా ఇళ్ళకి ముందు పెంకుటిల్లు, వెనక ఎనభైల్లో వేసిన డాబా ఉంటాయి. ఆ శ్లాబు కింద పెచ్చులు ఊడి చువ్వలు కనిపిస్తున్నాయా? ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని తోసేస్తుంది. పెచ్చు ఊడినచోట సిమెంటు మెత్తి రంగు వేస్తే అది అద్దెకున్నవాళ్ళ పిల్లాడి నెత్తిన పడుతుంది. వదులుగా ఉన్నదంతా కొట్టించి, చువ్వ వెనకవైపు కూడా తుప్పు గీకించి, తుప్పుని ఆపే పూత వేయించి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో కప్పించాలి. చువ్వ సగానికి సగం తినేసి ఉంటే నాలాంటి వాణ్ణి పిలవండి. ఆ గది అద్దెకివ్వకండి.

కరెంటు దగ్గర బేరాలాడకండి. పాత స్విచ్‌బోర్డు విప్పించి చూడండి. తీగ మీది రబ్బరు వేలితో తాకగానే పొడిపొడిగా రాలుతుంది, లోపల రాగి నల్లబడి ఉంటుంది. చెక్కపట్టీ మీద పాకించిన ఆ వైరింగులో ఎర్తు తీగే ఉండదు. మీ నాన్నగారు రెండు ఫ్యాన్లూ నాలుగు బల్బులూ ఒక రేడియో పెట్టుకున్నారు. వచ్చేవాళ్ళు ఏసీ, గీజరు, వాషింగ్ మెషీను, ఇండక్షన్ స్టవ్వు తెస్తారు. మొత్తం తీసేసి కొత్తది వేయించండి. లైట్లకి 1.5 చదరపు ఎంఎం వైరు, ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజరుకీ 4, ఒక్కోదానికి విడిగా ఎంసీబీ, అంటే లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి. కొత్తగా ఎర్తు గొయ్యి. అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎంసీబీ కాపాడేది తీగని, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. గోడలు తవ్వడం ఇష్టంలేకపోతే పైపులు గోడ పైనుంచే నీటుగా తీసుకెళ్ళొచ్చు, సున్నం గోడకి అదే మేలు కూడా.

రెండు వాటాలుగా ఇస్తుంటే రెండు మీటర్లు పెట్టించండి. మన దగ్గర యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. రెండు సంసారాలు ఒకే మీటరు మీదుంటే ఇద్దరూ ఎక్కువ రేటులోకి పోతారు, ప్రతి నెలా మీ గుమ్మం ముందు పంచాయితీ. నీళ్ళ ట్యాంకులూ అంతే, వాటాకొకటి. మోటారు ఎవరు వేయాలి, ఎవరు కట్టాలి అనే తగవు ఎన్ని స్నేహాల్ని చెడగొట్టిందో!

స్నానాలగది. పాత ఇళ్ళలో అది దొడ్డి చివర ఉంటుంది. రాత్రిపూట వానలో గొడుగేసుకుని వెళ్ళే ఓపిక ఈ రోజుల్లో ఎవరికీ లేదు. వంటింటి పక్కనున్న సామాన్ల గదినో, వెనక వసారాలో ఒక మూలనో గదికి ఆనుకుని ఉండేలా మార్చండి. కిందికి తవ్వే వీలుండదు కాబట్టి ఒక మెట్టు ఎత్తు పెంచాలి. టైల్సు వేసేముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తూము మూసి నీళ్ళు నింపి 24 గంటలు వదిలేయండి. మేస్త్రీ "ఎందుకండీ, నేను గ్యారంటీ" అంటాడు. నింపమనండి. నేల వాలు అడుగుకి పావు అంగుళం తూమువైపు ఉండాలి. పాత ఇనప పైపుల్లో తుప్పు పేరుకుని వేలు దూరే సందు కూడా ఉండదు. వాటి బదులు ప్లాస్టిక్ పైపులు, వేడినీళ్ళకి సీపీవీసీ రకం, చన్నీళ్ళకి యూపీవీసీ రకం వేయించండి. అద్దెకొచ్చే ఆవిడ ఇంట్లో అడుగుపెట్టగానే ముందు కుళాయి తిప్పి చూస్తుంది, మీ మండువా స్తంభాల్ని కాదు.

షాబాదు బండలున్న నేలని మాత్రం టైల్సుతో కప్పకండి. పాలిష్ పట్టిస్తే కొత్తగా వస్తుంది. నుయ్యి ఉంటే పూడ్పించకండి, పైన ఇనప గ్రిల్లు బిగించి తాళం వేయండి.

ఇప్పుడు ఇంజనీరింగు కాని సంగతి ఒకటి. ఇసుక ట్రాక్టరు దింపకముందే ఇల్లు ఎవరిదో తేల్చుకోండి. నాన్నగారు వీలునామా రాయకుండా పోయుంటే అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్ళకీ వాటా ఉంటుంది. మన రాష్ట్రంలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం 1986లో చేసిన చట్టం ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని ఆడపిల్లలకి హక్కిచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికున్నాడా లేడా అనే పేచీని 2020లో సుప్రీంకోర్టు కూతుళ్ళ వైపే తీర్చేసింది. "చెల్లెమ్మ ఏమీ అడగదులెండి" అంటారు. అడగదేమో, బావగారు అడుగుతారు. ఎవరు ఎంత పెడుతున్నారు, అద్దెలోంచి ఆ డబ్బు ముందు తీసుకుంటారా లేదా, ఒక కాగితం మీద రాసి అందరి సంతకాలూ పెట్టించండి.

ఎంత పెట్టొచ్చు? నా లెక్క మోటుగా ఉంటుంది: మూడేళ్ళ అద్దెకి మించొద్దు. నెలకి 12 వేలు వస్తుందనుకుంటే 4 లక్షల 32 వేలు. అందులో సగానికి పైగా కప్పుకీ కరెంటుకీ నీళ్ళకీ పోవాలి. ఆదాయపు పన్ను సంగతి కూడా గుర్తుంచుకోండి. కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయిస్తారు, రిపేర్లకి మీరు లక్ష పెట్టినా పది లక్షలు పెట్టినా ఆ 30 శాతమే. బిల్లులు మాత్రం పారేయకండి. కొత్త గదో బాత్రూమో కట్టినవి రేపు ఇల్లు అమ్మినప్పుడు ఖర్చు కింద చూపించుకోవచ్చు.

చాలామంది ఒక గదికి తాళం వేసి అమ్మగారి పెట్టెలు, పాత మంచాలు, పెళ్ళి ఫొటోలు అందులో కుక్కి మిగతా ఇల్లు అద్దెకిస్తారు. ఆ గది ఎవరూ తెరవరు, ఊడవరు. నేను చూసిన ఇళ్ళలో చెద ఎక్కువసార్లు మొదలైంది అక్కడే. కావలసినవి మీ ఫ్లాటుకి తెచ్చుకోండి, మిగతావి చుట్టాలకివ్వండి, గది వాటాలో కలిపేయండి. అద్దె కూడా పెరుగుతుంది.

పని ఎప్పుడు పెట్టుకోవాలని అడిగారు ఇందాక ఒకాయన. ఉద్యోగుల బదిలీలు, కాలేజీల చేరికలు మే, జూన్‌లలో. ఇళ్ళు వెతికేదీ అప్పుడే. పెంకు పని మొదటి వానకి ముందే ముగియాలి. సిమెంటు పూత కొట్టించాల్సిన గోడ ఉంటే అది కిందటి వేసవిలోనే ఆరి ఉండాలి. మిగతా పనంతా సంక్రాంతి వెళ్ళగానే పెట్టుకోండి, అప్పుడు మేస్త్రీలూ దొరుకుతారు. ఉగాదికి వైరింగు అయిపోతే ఏప్రిల్ నెలాఖరుకి టులెట్ బోర్డు కట్టేయవచ్చు. ఎవరింట్లోనైనా దూలం చివర స్క్రూడ్రైవరు దిగిపోతే ఏ రోజు రావాలో చెప్పి కబురంపండి, వచ్చి చూస్తాను.