నడుంనొప్పి వెనక దాగే పెద్ద ధమని

శ్రోతలకు నమస్కారం.

రాయగడ, గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి, అటు బరంపురం దాకా వెళ్లినా నడుంనొప్పి లేని పెద్దవాళ్లున్న ఇల్లు దొరకడం కష్టం. వరి మళ్లలో ఏళ్లతరబడి వంగిన నడుములు కదా! ఆ నొప్పుల్లో చాలామటుకు కండరాలవి, వెన్నుపూసలవి. ఎవరో ఒకరికి మాత్రం అది వెన్నెముకను ఆనుకుని ఉన్న పెద్ద రక్తనాళం చిట్లుతుండగా వచ్చే నొప్పి అయి ఉంటుంది. అప్పుడిక రోజుల లెక్క ఉండదు, గంటల లెక్కే. ఆ గంటలు కూడా సగం ఘాట్ రోడ్డు మీదే కరిగిపోతాయి. అందువల్ల మన ప్రాంతం వాళ్లకు ఈ జబ్బు సంగతి నొప్పి రాకముందే తెలిసి ఉండాలి.

గుండె ఎడమ గది నుంచి బయలుదేరే ఈ నాళాన్ని బృహద్ధమని అంటాం, డాక్టర్లు అయోర్టా అంటారు. ఛాతీలో కొంత పైకి లేచి, చేతికర్ర పిడిలా వంగి, వెన్ను వెంబడి కిందికి దిగుతుంది. దాదాపు బొడ్డు మట్టానికి వచ్చేసరికి రెండుగా చీలి కాళ్లలోకి పోతుంది. పొట్టలో దీని వ్యాసం సుమారు 2 సెంటీమీటర్లు, అంటే మన బొటనవేలంత. గోడలో మూడు పొరలు ఉంటాయి. మధ్య పొరలో రబ్బరులా సాగే ఎలాస్టిన్, పలుపుతాడులా బిగించి పట్టే కొల్లాజెన్ అల్లుకుని ఉంటాయి. ఎలాస్టిన్‌ను శరీరం ఎదిగే వయసులోనే తయారు చేసుకుంటుంది. ఆ తర్వాత పోయింది పోయినట్టే.

వయసు, పొగ, గోడలో రగిలే వాపు కలిసి ఈ అల్లికను కొరికేస్తాయి. అరిగిన సైకిల్ టైరులోంచి ట్యూబు బుడిపెలా పొడుచుకు రావడం చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. పొట్టలో ధమని 3 సెంటీమీటర్లు చేరితే దాన్ని ఎన్యూరిజం అంటారు. తెలుగులో ధమని ఉబ్బు అందాం. ఎక్కువగా ఇది మూత్రపిండాల నాళాలకు కింద, బొడ్డుకు పైన వస్తుంది.

పిల్లలు బుడగ ఊదేటప్పుడు మొదటి ఊపిరికి బుగ్గలు నొప్పి పెడతాయి. కాస్త ఉబ్బాక సులువుగా పెరిగిపోతుంది. వ్యాసం పెరిగేకొద్దీ అదే ఒత్తిడికి గోడ మీద పడే లాగుడు పెరగడమే దీనికి కారణం. లాప్లాస్ సూత్రం చెప్పేది ఇదే. ధమని ఉబ్బు ఒకసారి మొదలైతే తనంతట తాను తగ్గదు. పెద్దదయ్యేకొద్దీ ఇంకా తొందరగా పెరుగుతుంది. ఇంతా జరుగుతున్నా మనిషికి ఏమీ తెలియదు. ఆకలి బాగానే ఉంటుంది, పనికీ పోతుంటాడు. బక్కపలచటి వాళ్లకైతే వెల్లకిలా పడుకున్నప్పుడు బొడ్డు పైన గుండెలాగా కొట్టుకోవడం చేతికి తగలవచ్చు. పొట్ట ఉన్నవాళ్లకు అదీ ఉండదు.

కారణాల్లో పొగకు సాటి వచ్చేది లేదు. సిగరెట్టు, బీడీ, చుట్ట, సాలాకులో చుట్టే పికా అన్నీ ఒక గూటి పక్షులే. మన గంజాం, శ్రీకాకుళం తీరాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అడ్డపొగ అనగానే అంగిలి పుండు, క్యాన్సర్ గుర్తుకొస్తాయి, అది నిజమే. కానీ ఆ పొగలోని విషం నోట్లోనే ఆగిపోదు, రక్తంలో కలిసి ధమని గోడ దాకా పోతుంది. 65 దాటిన మగవాళ్లు, రక్తపోటు ఉన్నవాళ్లు, తోడబుట్టిన వాళ్లలోనో తల్లిదండ్రుల్లోనో ఎవరికైనా ఈ ఉబ్బు ఉన్నవాళ్లు కూడా ముప్పులో ఉన్నట్టే. ఒక విచిత్రం కూడా ఉంది. మధుమేహం ఉన్నవాళ్లలో ఈ ఉబ్బు తక్కువగా కనిపిస్తుంది. అది మెట్‌ఫార్మిన్ మాత్ర చలవేమోనన్న అనుమానంతో పరీక్షలు చేస్తున్నారు. అలాగని సుగర్ రావాలని ఎవరూ కోరుకోకండి!

దీన్ని కనిపెట్టడం మాత్రం చాలా తేలిక. పొట్ట అల్ట్రాసౌండ్ స్కానింగ్ చాలు. గర్భిణులకు చేసే మిషనే ఇది, సూది లేదు, రేడియేషన్ లేదు. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళితే గాలి తక్కువగా ఉండి బొమ్మ శుభ్రంగా వస్తుంది. బ్రిటన్‌లో 65 నుంచి 74 ఏళ్ల మగవాళ్లను సుమారు 67,800 మందిని తీసుకుని, సగం మందిని స్కానింగ్‌కు పిలిచారు, మిగతా సగాన్ని మామూలుగా వదిలేశారు. 2002లో ఫలితం వచ్చింది. పిలిచిన వాళ్లలో నాలుగేళ్లలో ఈ జబ్బుతో పోయినవాళ్లు దాదాపు 42 శాతం తక్కువ. మన దగ్గర అలా పిలిచే పద్ధతి లేదు, మనమే అడిగి చేయించుకోవాలి. రాళ్లకో, ప్రోస్టేట్‌కో ఎలాగూ పొట్ట స్కానింగ్‌కు పోతుంటారు. అప్పుడు "అయోర్టా కొలత కూడా రాయండి" అని ఒక్క మాట అడగండి.

ఆ కాగితం మీది అంకెకు ఒక తిరకాసు ఉంది. గోడ లోపలి అంచు నుంచి కొలిస్తే ఒక అంకె, బయటి అంచు నుంచి కొలిస్తే 3, 4 మిల్లీమీటర్లు ఎక్కువ వస్తుంది. ఈ ఏడాది ఒక సెంటర్లో, వచ్చే ఏడాది ఇంకో చోట చేయిస్తే పెరగని ఉబ్బు పెరిగినట్టు, పెరిగింది ఆగినట్టు కనపడుతుంది. అందుకని ఒకే చోట చేయించుకోవాలి, పాత కాగితం వెంట తీసుకెళ్లాలి.

మగవాళ్లకు 5.5 సెంటీమీటర్లు వస్తే ఆపరేషన్ అంటారు. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? బ్రిటన్‌లో 1,090 మందిని, అమెరికాలో మాజీ సైనికులు 1,136 మందిని తీసుకుని రెండు అధ్యయనాలు జరిగాయి. అందరికీ ఉబ్బు 4కూ 5.5కూ మధ్యనే ఉంది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, సగం మందికి స్కానింగ్‌లతో కాపలా కాశారు. 1998లో ఒకటి, 2002లో ఇంకొకటి ఒకే మాట చెప్పాయి. తొందరపడి కోసినందువల్ల ఆయుష్షు పెరగలేదు. 5.5 దాటాక తూకం మారుతుంది. ఆపరేషన్‌కు తగనివాళ్లు, వద్దన్నవాళ్లు అమెరికాలో ఏమయ్యారో చూస్తే, 7 సెంటీమీటర్లు దాటిన వాళ్లలో ఏడాదిలోపు నూటికి 30 మందికి పైగా ధమని చిట్లింది.

అయితే అమెరికా అధ్యయనంలో ఆడవాళ్లు లేరనే చెప్పాలి. బ్రిటన్ లెక్కల్లో ఆడవాళ్లకు అదే కొలత దగ్గర చిట్లే ముప్పు మగవాళ్లకంటే సుమారు మూడు రెట్లని తేలింది. అందుకే వాళ్లకు 5 సెంటీమీటర్లకే ఆపరేషన్ గురించి మాట్లాడతారు. పొట్టిగా, సన్నగా ఉండే మన మనుషుల్లో సర్జన్ ఆ అంకె కోసమే కూర్చోకుండా ఒంటి తీరు కూడా చూడాలి. ఏడాదికి 1 సెంటీమీటరు పెరిగినా, నొక్కితే నొప్పి ఉన్నా ఆపరేషన్‌కు కొలతతో పనిలేదు.

అంతకన్నా చిన్న ఉబ్బుకు కాపలా చాలు. 4 నుంచి 5 మధ్య ఉంటే ఏడాదికోసారి, 5 దాటితే ఆరు నెలలకోసారి స్కానింగ్. పొగ పూర్తిగా బంద్. బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర ఆపకుండా వేసుకోవాలి. ఉబ్బును కరిగించే మందు ఇంకా రాలేదు. డాక్సీసైక్లిన్ మీద ఆశ పెట్టుకుని రెండేళ్లు ఇచ్చి చూశారు, ఉత్త గోళీ ఇచ్చినవాళ్లకూ వీళ్లకూ తేడా లేదని 2020లో తేలింది. మందుల షాపులో విరేచనాలకు చీటీ లేకుండా కొనే సిప్రోఫ్లోక్సాసిన్ జాతి మాత్రలు ఉబ్బు ఉన్నవాళ్లకు కీడు చేయవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. షాపులో ఈ సంగతి ఎవరూ చెప్పరు, మీరే చెప్పాలి.

ఇక ఆపరేషన్. 1948లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ పొట్ట తెరిస్తే ధమనికి పెద్ద ఉబ్బు కనపడింది, అప్పటికి దాన్ని తీసి మార్చే దారే లేదు. సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ దాని చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టి కుట్టేశారు. ఐన్‌స్టీన్ ఇంకో ఆరేళ్లకు పైగా బతికారు. 1955 ఏప్రిల్‌లో అది చిట్లినప్పుడు మళ్లీ కోతకు ఒప్పుకోలేదు. ఆ మధ్యలోనే, 1951లో, పారిస్‌లో షార్ల్ ద్యుబో ఉబ్బిన భాగాన్ని తీసేసి చనిపోయిన మనిషి ధమనిని అతికారు. హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ ఇంకో దారి పట్టారు. నైలాన్ కోసం బట్టల దుకాణానికి వెళితే అది అయిపోయిందని డేక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ ఇచ్చారట. ఆ గుడ్డతోనే భార్య కుట్టుమిషన్ మీద గొట్టం కుట్టారు. ఇవాళ్టికీ వాడేది ఆ జాతి గుడ్డనే.

పెద్ద కోతతో చేసేదాంట్లో ఛాతీ ఎముక కింద నుంచి పొత్తికడుపు దాకా తెరిచి, పేగులను పక్కకు జరుపుతారు. రక్తం గడ్డకట్టకుండా సుమారు 5,000 యూనిట్ల హెపారిన్ ఇచ్చి, మూత్రపిండాల నాళాలకు దిగువన ధమనికి క్లాంపు, అంటే రక్తం పారకుండా నొక్కిపట్టే పట్టుకారు బిగిస్తారు. ఉబ్బును చీల్చి లోపలి గడ్డను తోడేస్తారు. వెన్ను వైపు నుంచి వెనక్కి కారే చిన్న నాళాలకు కుట్లు వేస్తారు. ఆ తర్వాత 16 నుంచి 20 మిల్లీమీటర్ల గొట్టాన్ని పైనా కిందా పాలీప్రొపైలీన్ దారంతో కుడతారు. పాత ఉబ్బు తోలును పారేయరు. గొట్టం మీద దుప్పటిలా కప్పి కుట్టేస్తారు, లేకపోతే పేగు ఆ గుడ్డకు రాసుకుని కొన్నేళ్లకు చిల్లు పడుతుంది. గండాలన్నీ క్లాంపు దగ్గరే. బిగించినప్పుడు గుండె మీద భారం పడుతుంది. వదిలినప్పుడు కాళ్లలో నిలిచిన ఆమ్లం ఒక్కసారిగా పైకొచ్చి బీపీ పడిపోతుంది. అందుకే కొద్దికొద్దిగా వదులుతారు. తర్వాత 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. మొదటి రెండు మూడు రోజుల్లో రక్త విరేచనం అయితే పెద్దపేగుకు రక్తం చాలలేదేమోనని వెంటనే చూడాలి. అది గ్యాస్ అని సరిపెట్టుకోకూడదు.

రెండో పద్ధతి స్టెంట్ గ్రాఫ్ట్. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి దీన్ని పొట్ట ఉబ్బుకు వాడి చూపించారు. రెండు గజ్జల్లోని నాళాల ద్వారా మడిచిన గుడ్డ గొట్టాన్ని పైకి పంపి, ఎక్స్‌రే కింద విప్పుతారు. నికెల్, టైటానియం కలిసిన లోహపు పంజరం దాన్ని గోడకు అదిమి పడుతుంది. మూత్రపిండాల నాళాలకూ ఉబ్బుకూ మధ్య 10 నుంచి 15 మిల్లీమీటర్ల మంచి గోడ లేకపోతే మామూలు గొట్టం అక్కడ పట్టు నిలవదు. ఆ మంచి గోడ ఉన్న భాగాన్నే ఉబ్బు మెడ అంటారు, అది బాగా వంకర తిరిగినా అంతే. అందుకే ముందు రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కాన్ తీసి మిల్లీమీటర్లలో కొలిచి, మెడకంటే 10 నుంచి 20 శాతం వెడల్పు గొట్టం తెప్పిస్తారు.

ఈ రెండు పద్ధతులనూ పోల్చిన బ్రిటన్ అధ్యయనంలో నెల లోపల చనిపోయినవాళ్లు స్టెంట్ గ్రాఫ్ట్‌తో నూటికి 1.7, పెద్ద కోతతో 4.7. స్టెంట్‌తో అయితే రెండు మూడు రోజుల్లో ఇంటికి వచ్చేయవచ్చు. వింటే ఇదే మేలనిపిస్తుంది. కానీ అదే మనుషులను పదిహేనేళ్లు గమనిస్తే, ఎనిమిదేళ్లు దాటాక కోత చేయించుకున్న వాళ్లే ఎక్కువ నిలిచారు. గొట్టం అంచున పట్టు వదలడం, అతుకు ఊడటం, చిన్న నాళాల నుంచి రక్తం వెనక్కి కారడం, వీటిని ఎండోలీక్ అంటారు. ఆ కారుడుతో పాత ఉబ్బు మళ్లీ పెరుగుతుంది, చిట్లవచ్చు కూడా. దాన్ని పట్టాలంటే మొదటి నెలలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి, ఆపైన బతికినన్నాళ్లూ ఏటా స్కానింగ్ చేయించాలి. ఏటా విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లలేనని తెలిసిన, గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉన్న 65 ఏళ్ల మనిషికి పెద్ద కోతే మంచిదని నా అభిప్రాయం. 80 దాటి ఆయాసం ఉన్నవాళ్లకు స్టెంటే. గ్రాఫ్ట్ ఖరీదు ఎక్కువ. ఆయుష్మాన్ కార్డుతో వెళ్లేవాళ్లు గ్రాఫ్ట్ ధర కూడా ప్యాకేజీలో కలిసిందా అని చేరకముందే రాతపూర్వకంగా అడగాలి.

చిట్లితే ఎలా ఉంటుంది? పొట్టలోనో నడుములోనో ఉన్నట్టుండి కోసేసినట్టు నొప్పి, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం. ఎడమ నడుం నుంచి గజ్జలోకి పాకితే మూత్రపిండంలో రాయిలాగే ఉంటుంది, పొరపాటు ఎక్కువగా అక్కడే జరుగుతుంది. అరవై దాటి, పొగ అలవాటుండి, జీవితంలో మొదటిసారి "రాయి నొప్పి" వచ్చిందంటే ముందు ధమనిని చూడాలి. ఒడియా మాట్లాడే డాక్టరు దగ్గర ఉత్త "అంటా బింధా" (నడుంనొప్పి) అని చెబితే నడుంనొప్పి మందే ఇస్తారు. పొట్టలో ఉబ్బు ఉందని కాగితం చూపించాలి.

మన దగ్గర సెలైన్ సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు. ఇక్కడ అదే ముప్పు. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి తాత్కాలికంగా మూత వేసి ఉంటుంది. సీసాల మీద సీసాలు ఎక్కించి బీపీ పెంచితే ఆ మూత లేచిపోతుంది, గట్టుకు గండి పడినట్టే. మనిషి మాట్లాడుతూ, తెలివిలో ఉంటే పై బీపీ 70 నుంచి 90 మధ్య ఉన్నా అలాగే తీసుకెళ్లాలి.

108కి ఫోన్ చేసినప్పుడు "అయోర్టా ఉబ్బు, చిట్లిందేమో" అని ఆ మాటతోనే చెప్పండి. బండి వచ్చేలోగా రక్తనాళాల సర్జన్, సీటీ స్కాన్, రక్తనిధి మూడూ ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్ గది సిద్ధం చేయమనండి. ఏమీ తినిపించకండి, తాగించకండి. పడుకోబెట్టే ఉంచండి. పాత స్కానింగ్ కాగితం, మందుల చీటీ, ఆధార్, ఆయుష్మాన్ కార్డు ఒకే సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి, వాటి ఫొటోలు కొడుకు ఫోన్లోనూ కూతురి ఫోన్లోనూ పెట్టండి. రక్తం ఇవ్వగల నలుగురు బంధువులను వెనక ఇంకో బండిలో బయలుదేరమనండి.