తాతయ్య గది ఖాళీ చేసే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

కాలేజీ ప్రిన్సిపాలుగా రిటైరైన ఒక పెద్దాయన కన్నుమూశారు. పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు ఒక్కొక్కరే బయల్దేరుతున్నారు. దూరాభారం నుంచి వచ్చిన పిల్లలకి సెలవు ఇంకో మూణ్ణాలుగు రోజులే ఉంది. "మళ్లీ ఎప్పుడొస్తామో ఏమో, ఆ గది సర్దేద్దాం" అంటారు ఎవరో ఒకరు. అంతే, సాయంత్రానికి పాత పేపర్లు కొనేవాడి తక్కెడ వాకిట్లో ఉంటుంది. నలభై ఏళ్ల డైరీలు, ఉత్తరాల కట్టలు, కాలేజీ మ్యాగజైన్లు కిలోల లెక్కన వెళ్లిపోతాయి. తీరా సంవత్సరీకానికి స్మారక సంచిక వేద్దామని కూర్చుంటే, ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో, "క్రమశిక్షణకు మారుపేరు" అన్న మాట తప్ప చేతిలో ఏమీ ఉండదు.

ఆ మాట అబద్ధమని కాదు. కానీ అది ఏ ప్రిన్సిపాలుకైనా అతుకుతుంది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలుగా ఉన్నారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరయ్యారు, సర్ బిరుదు వచ్చింది. ఆయన పోయింది 1939లో. ఇప్పటికీ ఆయన పేరు వినగానే ముందు కళ్లకి కట్టేది ఆ పదవులు కాదు, తెల్లటి బట్టలూ తెల్లటి తలపాగానూ. అలా ఒక్క మనిషికే చెందిన గుర్తులు మీ తాతయ్యకీ ఉంటాయి. అవి ఆయన కాగితాల్లో, ఫొటోల్లో, ఆయన్ని ఎరిగినవాళ్ల నోళ్లలో ఉంటాయి. తొలి నెలల్లో పోయేవి కూడా అవే. వాటిని ఎలా దక్కించుకోవాలో ఇవాళ చెప్పుకుందాం.

ముందుగా, ఆ గదిలోంచి మూడు నెలల దాకా ఒక్క కాగితం కూడా బయటికి పోనివ్వకండి. వెంటనే తీయాల్సినవి కొన్నే. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. గడువు దాటితే ఆలస్య రుసుము కట్టాలి, నెల దాటితే అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. పెన్షన్ పేమెంట్ ఆర్డరు, బ్యాంకు పాసుపుస్తకం, ఆధార్ కార్డు ఒక సంచిలో విడిగా పెట్టండి. నాయనమ్మకి ఫ్యామిలీ పెన్షన్ రావడానికి అవి కావాలి. పెన్షన్ ఆర్డరులో ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది కాబట్టి ముందే సరిచూసుకోండి. ఆయన పోయిన తేదీ తర్వాతి రోజులకి ఖాతాలో పడిన పెన్షన్ సొమ్ము ముట్టుకోకండి, అది వెనక్కి కట్టాల్సిందే.

ఇక ఆయన ఫోను. "ఇంకెందుకు" అని రీచార్జి మానేస్తారు. వాడకం లేని ప్రీపెయిడ్ నంబరు మూణ్ణెల్లు దాటితే చేజారిపోవచ్చు. వాట్సాప్ ఖాతా 120 రోజులు తెరవకుండా ఉంటే మామూలుగా దానంతటదే పోతుంది. మనవరాలికి పరీక్ష రోజు పొద్దున్నే పంపిన వాయిస్ మెసేజీలు అందులోనే ఉంటాయి. కాబట్టి నంబరు నడుస్తూ ఉండగానే ఒక్కొక్కరి చాట్‌నీ ఫొటోలూ వాయిస్‌లతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి కంప్యూటర్లో దాచండి. ఫోనులో వాయిస్ నోట్స్ ఉండే ఫోల్డరుంటుంది, దాన్ని మొత్తంగా ఒకసారి కాపీ చేసుకోండి.

కాగితాల విషయానికొద్దాం. వాటిని ఎండలో పెట్టకండి. సిరా వెలిసిపోతుంది, పాత కాగితం మరింత పెళుసెక్కుతుంది. ఫౌంటెన్ పెన్ను రాత మీద తడిగుడ్డ పెడితే అక్షరం మిగలదు. తేమ పట్టిన డైరీని ఫ్యాను కింద, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఆరబెట్టండి. చిరిగిన చోట సెల్లో టేపు వద్దు. కొన్నేళ్లకి అది పచ్చబడి, జిగురు కారి, కింది అక్షరాల్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి వేశాక మళ్లీ తీయలేం. గుండుసూదులూ క్లిప్పులూ మాత్రం తప్పకుండా తీసేయాలి. తుప్పు పట్టిన సూదిని లాగితే కాగితం దానితోపాటు ఊడొస్తుంది. పల్చటి ప్లాస్టిక్ ముక్కని సూదికీ కాగితానికీ మధ్యకి మెల్లగా జరిపి, తుప్పు వదిలాక నిదానంగా తీయండి. కాగితాల్ని గోడకి జానెడు ఎడంగా, ఇటుకల మీద ఎత్తుగా నిలిపిన బీరువాలో పెట్టండి. చెదలు గోడ వెంటే పైకి వస్తాయి. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటగట్టి వేయండి, కాగితానికి తగలనివ్వకండి.

ఇన్‌ల్యాండ్ లెటర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీలం రంగు కాగితం, మూడు మడతలు. చోటు చాలక తాతయ్యలు అతుకు వేసే అంచు మీద కూడా అడ్డంగా రెండు వాక్యాలు రాసేవారు. అసలు కబురు చాలాసార్లు అక్కడే ఉంటుంది: "డబ్బు అందిందా", "చిన్నవాడి దగ్గు తగ్గిందా". చింపుతూ తెరిచిన ఉత్తరాల్లో ఆ అంచు ఊడి విడిగా పడి ఉంటుంది, దాన్ని చెత్తనుకోకండి. తపాలా బిళ్ల మీది ముద్ర చూసి ఏ తేదీ ఉత్తరమో చెప్పొచ్చు. స్టాంపులు పోగుచేసే సరదాతో పిల్లలు బిళ్ల కత్తిరించుకుపోయిన కవర్లకి ఆ తేదీ లేకుండా పోయింది. ఇక ఆయన పుస్తకాలు లైబ్రరీకి ఇవ్వాలనుకుంటే, ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని ఒకసారి విదల్చండి. ఉత్తరమో, ఎవరో విద్యార్థి తరఫున ఆయన కట్టిన ఫీజు రసీదో రాలుతుంది. ఆయన చేతిరాత ఉన్నవి ఇంట్లో ఉంచుకుని, మిగిలినవాటి జాబితా ముందుగా పంపండి. అడక్కుండా ఆటో నిండా దింపిన పుస్తకాలు చాలా లైబ్రరీల్లో మెట్ల కిందే ఉండిపోతాయి.

ఫొటోల్లో బాగా పనికొచ్చేది కాలేజీ గ్రూప్ ఫొటో. దళసరి అట్టకి అంటించి, కింద "కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అని పేర్లు అచ్చు వేసి ఉంటుంది. ఫ్రేము కోసం ఆ అట్ట కోయించారా, పేర్లు పోయినట్టే. పేరు లేని ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతోనే రాయండి. బాల్‌పెన్ను గీత ముందువైపు ఉబ్బి కనిపిస్తుంది. పెన్సిలు అంటని నునుపు ఫొటోలైతే కవర్లో పెట్టి కవరు మీద రాయండి. వానాకాలం తేమకి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకొద్దు, అద్దంతోనే స్కాన్ చేయించండి. జిగురు పేజీల ఆల్బమ్‌లోదైతే, ఫొటో వెనకగా దారం పోగుని రంపంలా అటూ ఇటూ జరుపుతూ విడదీయొచ్చు. నాలుగంగుళాలూ ఆరంగుళాలూ ఉన్న ఫొటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2400, 3600 పిక్సెళ్లు వస్తాయి. అచ్చుకి అది ధారాళంగా సరిపోతుంది. స్కాన్లని వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిక్సెళ్లు తగ్గిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి.

ఈ ఫొటో ఏ సంవత్సరానిది అన్న ప్రశ్న వస్తుంది. పెద్దవాళ్లకి అంకె గుర్తుండదు, సందర్భం గుర్తుంటుంది. పీయూసీ (డిగ్రీకి ముందు చదివే ప్రీ యూనివర్సిటీ కోర్సు) బ్యాచ్ అన్నారంటే ఇంటర్మీడియట్ రాకముందు, అంటే 1969కి ఇవతలకి రాదు. గుంటూరు ప్రాంతపు కాలేజీ సర్టిఫికెట్ మీద ఆంధ్రా యూనివర్సిటీ పేరుంటే 1976లో నాగార్జున యూనివర్సిటీ రాకముందుదని అనుకోవచ్చు. వరంగల్ వైపైతే ఉస్మానియా, కాకతీయలకి అదే ఏడాది హద్దు. "జై ఆంధ్రాకి కాలేజీలు మూసేసినప్పుడా?", "దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా?" అని అడిగి చూడండి. 1972, 1977 వాటంతటవే పైకి వస్తాయి.

పుట్టినరోజు దగ్గర ఎక్కువమంది పొరబడతారు. సర్వీసు రిజిస్టరులో జూలై 1 అని ఉంటే, బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ కావచ్చు. జాతకంలో ఇంకోటి ఉంటుంది. "విక్రమ నామ సంవత్సరం, మాఘ మాసం" అని ఉంటే చాలామంది 1940 అని రాసేస్తారు. విక్రమ 1940 ఉగాదికి మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి 1941. సంచికలో రెండు తేదీలూ వేసి, ఏది ఎక్కడిదో చెప్పండి.

ఇక మనుషుల దగ్గరికి వెళ్లాలి. వయసులో అందరికన్నా పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. ఫ్యాను ఆపి, ఫోను మూరెడు దూరంలో పెట్టి, గంట మించకుండా కూర్చోండి. మొదట్లోనే ఎవరు, ఎక్కడ, ఏ తేదీ అని రికార్డింగులో చెప్పండి. "ఆయన ఎలాంటివారు?" అని అడిగితే "దేవుడు" అంటారు, మాట అక్కడితో సరి. "ఏ బెల్లుకి వచ్చేవారు? రౌండ్లకి ఏ వైపు నుంచి బయల్దేరేవారు? ఫీజు కట్టలేదని చెప్తే ఏమనేవారు? కోపం వస్తే నోట ఏ మాట వచ్చేది?" అని అడగండి. మాటలు జలజలా రాలతాయి. ఆఫీసు గుమాస్తానీ, అటెండరునీ, హాస్టల్ వంటమనిషినీ మర్చిపోకండి. విద్యార్థులు చూడని ప్రిన్సిపాలుని వాళ్లు చూశారు.

స్మారక సంచికల్లో ఒక పెద్ద లోపం నన్ను బాధపెడుతుంది. అందులో ప్రిన్సిపాలుగారు నిండుగా ఉంటారు, తాతయ్య ఉండడు. పేపరు చదువుతూనే పక్కన కూర్చున్న మనవడి ఎక్కాల్లో తప్పు పట్టిన మనిషి, బత్తాయి తొనకి పీచు తీసి గింజ ఏరి నోట్లో పెట్టిన మనిషి ఎక్కడా కనిపించడు. పై దేశంలో ఉన్న మనవలకి తెలుగు రాయడం రాకపోతే ఫోనులో మాట్లాడమనండి. ఆ తడబాటు తెలుగుని దిద్దకుండా అలాగే అచ్చెయ్యండి.

కాలేజీలో ఆయన పేరిట బహుమతి పెట్టేటట్టయితే లెక్క ముందే చూసుకోండి. లక్ష రూపాయలు డిపాజిట్ చేసి, ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి ఏడువేలే. బంగారు పతకం అన్నారంటే కొన్నేళ్లకే అది వెండి పూతలోకి దిగుతుంది. పుస్తకాలో పరీక్ష ఫీజో అయితే నిలుస్తుంది. ఏ సబ్జెక్టు, ఎవరు ఎంపిక చేస్తారు, ఆ కోర్సు ఎత్తేస్తే సొమ్ము దేనికి వాడాలి అన్నది రాతపూర్వకంగా ఉండాలి. ప్రిన్సిపాళ్లు మారిపోతుంటారు కాబట్టి డిపాజిట్ రసీదు నకలు మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి.

అచ్చుకి ఇచ్చేటప్పుడు పేజీలు పదహారు చొప్పున తెగేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. డీటీపీ వాళ్ల (కంప్యూటర్లో పేజీలు కూర్చేవాళ్ల) దగ్గర్నుంచి పీడీఎఫ్‌తోపాటు యూనికోడ్ ప్రతి కూడా అడిగి తీసుకోండి, లేకపోతే పదేళ్ల తర్వాత దిద్దుకుందామంటే ఆ డీటీపీ ఫైలు తెలుగులా తెరుచుకోకపోవచ్చు. ప్రూఫు ఇద్దరు చదవాలి, వాళ్లలో ఒకరు ఇంటివాళ్లు కానివాళ్లయితే మంచిది. చివరి ప్రూఫు మాత్రం నాయనమ్మకి పెద్దగా చదివి వినిపించండి. పేర్లు, వరసలు, ఊళ్లు ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. "ఆగు" అన్న చోటల్లా ఆగండి. ఫోనులో రికార్డింగు నొక్కి పక్కన పెట్టుకుని మరీ చదవండి.

నమస్కారం.