మరవ మీద ఇసుక మూటలు: టర్బో కారుకు ఎలక్ట్రానిక్ బూస్ట్ కంట్రోలర్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగాన్ని తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కనున్న ఒక షెడ్డులో కూర్చుని రికార్డు చేస్తున్నాము. మధ్యమధ్యలో గాలి కంప్రెసర్ చప్పుడూ లారీ హారన్లూ వినిపిస్తే శ్రోతలు మన్నించాలి. నా ఎదురుగా ఉన్న మెకానిక్ చిత్తూరు దగ్గరి పల్లెలో పుట్టి పెరిగి, చాలా ఏళ్లుగా ఇంజన్ పనే చేస్తున్నారు. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి అన్నా అనే పిలుస్తాను. మా పక్కన బానెట్ తెరుచుకుని నిలబడి ఉన్నది నా కారే. అది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నేను కొనేనాటికే దానికి విడిగా టర్బో కిట్టూ, కిట్టుకు తగిన ప్రత్యేక ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, బిగించి ఉన్నాయి. టర్బో ఇంజన్‌లోకి గాలిని కుక్కే పీడనాన్ని బూస్ట్ అంటారు, దానిని పీఎస్‌ఐ అనే కొలతలో చెబుతారు. ప్రస్తుతం 6 పీఎస్‌ఐ బూస్ట్ వస్తోంది, దానిని 9కి తీసుకువెళ్లాలని నా కోరిక. అన్నా, బూస్ట్ కంట్రోలర్ అనే పెట్టె నిజంగా బూస్ట్‌ను పెంచుతుందా?

మెకానిక్: దానంతట అది పెంచదమ్మా. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి వాయువులు టర్బైన్ చక్రాన్ని తిప్పుతాయి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి కుక్కుతుంది. లోపలికి గాలి పెరిగితే బయటికి పోయే వాయువులు పెరుగుతాయి, వాయువులు పెరిగితే గాలి మళ్లీ పెరుగుతుంది. ఈ చుట్టును ఎక్కడో ఒకచోట తెంచకపోతే ఇంజన్ నిలవదు. అందుకే వేస్ట్‌గేట్ ఉంటుంది. మన వైపు చెరువుకు మరవ ఎందుకు కడతారో ఇదీ అందుకే. నీరు ఒక ఎత్తుకు రాగానే కట్టను తాకకుండా మరవ మీదుగా పొర్లిపోయినట్లు, బూస్ట్ ఒక అంకెకు రాగానే వాయువులు టర్బైన్‌ను తప్పించుకుని వేస్ట్‌గేట్ గుండా సైలెన్సర్ వైపు వెళ్లిపోతాయి. మరవ ఎత్తు ఎంతో నిర్ణయించేది, బూస్ట్ గాలి తోస్తే వేస్ట్‌గేట్‌ను తెరిచే యాక్చుయేటర్ డబ్బాలో ఉండే స్ప్రింగు. మీ కారులో ఆ స్ప్రింగు 6 పీఎస్‌ఐ దగ్గర లొంగుతోంది.

వ్యాఖ్యాత: మరి కంట్రోలర్ ఏమి చేస్తుంది?

మెకానిక్: వానలు వెనకబడిన ఏడు ఇంకొన్ని నీళ్లు నిలుపుకుందామని రైతులు మరవ మీద ఇసుక మూటలు పేరుస్తారు. కంట్రోలర్ చేసేది కూడా ఆ పనే. యాక్చుయేటర్‌కు వెళ్లే సన్నని గాలి పైపు మధ్యలో సోలెనాయిడ్ అనే చిన్న కరెంటు వాల్వు కూర్చుంటుంది. అది సెకనుకు ఇరవై ముప్పై సార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ వచ్చిన గాలిలో కొంత బయటికి వదిలేస్తుంది. అసలు బూస్ట్ 9 ఉన్నప్పుడు యాక్చుయేటర్‌కు 6 మాత్రమే అందుతుంది, అది 6 అనే నమ్మి ఊరుకుంటుంది. ఒక ముక్కలో చెప్పాలంటే, ఈ పెట్టె యాక్చుయేటర్‌కు కొలత ప్రకారం అబద్ధం చెబుతుంది. మూటలన్నీ తీసేసినా నీరు మరవ ఎత్తుకే దిగుతుంది కదా, అలాగే స్ప్రింగు 6దైతే కంట్రోలర్‌తో 5 తెచ్చుకోలేరు. పైకి వెళ్లడానికీ హద్దు ఉంది. స్ప్రింగు అంకెకు రెండింతలు దాటించే ఆలోచన ఉంటే స్ప్రింగునే మార్చుకోవడం మంచిదని మా పనిలో చెప్పుకుంటాము, ఎందుకంటే అంతకు మించితే బూస్ట్ నిలకడగా ఉండదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు షోరూములో కొనే టర్బో కార్లన్నిటికీ దీనిని బిగించుకోవచ్చా?

మెకానిక్: వాటికి వద్దనే నేను చెబుతాను. ఇప్పటి కార్లలో ఈసీయూయే వేస్ట్‌గేట్‌ను నడిపిస్తుంది, కొన్నింటిలో గాలి డబ్బా బదులు మోటారే ఉంటుంది. ఈసీయూ ఒక బూస్ట్ అడిగి, మధ్యలో మనం దూరి ఇంకో బూస్ట్ ఇచ్చామంటే, అది పీ0234 అనే ఓవర్‌బూస్ట్ కోడ్ వేసి ఇంజన్ బలాన్ని తగ్గించేస్తుంది. డీజిల్ బండ్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి వేస్ట్‌గేటే ఉండదు, టర్బో లోపలి రెక్కలు తిరిగి బూస్ట్‌ను సర్దుతాయి. పైగా డీజిల్ ఇంజన్‌లో బలం డీజిల్ పోసినకొద్దీ వస్తుంది గానీ గాలి ఒక్కటే పెంచితే రాదు. మీ కారులాగా విడిగా టర్బో వేసుకున్నవాటికీ, గాలి గొట్టంతోనే యాక్చుయేటర్ నడిచే పాత పెట్రోల్ టర్బోలకూ ఈ పెట్టె సరిపోతుంది. మీ ఈసీయూలో సోలెనాయిడ్‌ను నడిపే అవుట్‌పుట్ ఒకటి ఖాళీగా ఉండి ఉంటే ఈ పెట్టె కూడా అక్కరలేదు, సోలెనాయిడ్ ఒక్కటి కొనుక్కుంటే పని జరిగేది. నేను చూశాను, ఖాళీ లేదు.

వ్యాఖ్యాత: పెట్టె నెల రోజులుగా మా ఇంట్లోనే ఉంది. మీరేమో ముందు ఇంజన్‌ను చూడాలని బిగించకుండా వాయిదా వేస్తూ వచ్చారు. ఏమి చూశారో శ్రోతలకు చెబుతారా?

మెకానిక్: నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ సమానంగా ఉందో లేదో కొలిచాను. టర్బో నుంచి ఇంజన్ దాకా ఉన్న గొట్టాలలోకి గాలి పట్టించి, అతుకులన్నిటి మీద సబ్బు నీళ్లు పూశాను, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దగ్గర ఒకచోట నురగ లేచింది. ఆ కారడాన్ని ఆపకుండా కంట్రోలర్ పెట్టి ఉంటే, కారిపోయే గాలిని పూడ్చడానికి టర్బో ఇంకా గట్టిగా తిరిగేది, మీటరులో అంకె మాత్రం మామూలుగానే కనిపించేది. స్పార్క్ ప్లగ్గుల సందు కూడా తగ్గించాను, ఎందుకంటే పీడనం పెరిగితే సందు ఎక్కువున్న ప్లగ్గులో నిప్పురవ్వ దాటడం కష్టమవుతుంది. ఇక పెట్రోల్ సంగతి. 6 నుంచి 9కి వెళితే లోపలికి వచ్చే గాలి లెక్క ప్రకారం దాదాపు 14 శాతం పెరుగుతుంది, పెట్రోల్ కూడా అంతే పెరగాలి. ఇంజెక్టర్లు అంత పోయగలవా, ఎంత గాలికి ఎంత పెట్రోలో రాసి ఉండే ఈసీయూ మ్యాపు అనే పట్టికలో 9 పీఎస్‌ఐ దగ్గర గడులు నింపి ఉన్నాయా, నిప్పురవ్వ పడే సమయాన్ని అక్కడ కొంచెం ఆలస్యం చేశారా అనేవి ల్యాప్‌టాప్ తగిలించి చూడవలసినవి. కంట్రోలర్ యాక్చుయేటర్‌ను మోసం చేస్తుంది, సరే. ఇంజన్‌ను మాత్రం మోసం చేయలేము.

వ్యాఖ్యాత: ఈరోజు పొద్దున బిగించడం మొదలుపెట్టారు. చూస్తున్నంతసేపూ మీ ధ్యాస అంతా ఆ సన్నని పైపుల మీదే ఉంది.

మెకానిక్: ఈ పనిలో ప్రమాదం వైర్లలో తక్కువ, పైపులలో ఎక్కువ. నాకు అది ఎలా తెలిసిందో దాచుకోవలసిన పని లేదు. చాలా కాలం క్రితం ఒక కారుకు సరైన కొలత పైపు చేతిలో లేక, కొంచెం వదులుగా ఉన్నదాన్నే తొడిగి, సాయంత్రం క్లిప్పు వేద్దామని మరిచిపోయాను. చంద్రగిరి దాటాక యాక్చుయేటర్ దగ్గర ఆ పైపు ఊడిపోయింది. యాక్చుయేటర్‌కు గాలి అందకపోతే వేస్ట్‌గేట్ తెరుచుకోదు, అంటే మరవకు అడ్డంగా గోడ కట్టినట్లే. బూస్ట్ మీటరు ముల్లు 10 దగ్గర ఆగవలసింది 18 దాటింది, నేను కాలు తీసేలోపే సిలిండర్ల పైన పీడనం కారకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఆ కారు మనిషికి నా సొంత డబ్బుతోనే బాగు చేసి ఇచ్చాను. అప్పటి నుంచి టీ కొట్టు దాకా వెళ్లాలన్నా క్లిప్పులన్నీ ఒకసారి తడిమి చూసుకునే వెళతాను.

వ్యాఖ్యాత: ఏ పైపు ఎక్కడికి వెళుతుందో నిదానంగా చెప్పండి.

మెకానిక్: మీ సోలెనాయిడ్‌కు మూడు రంధ్రాలున్నాయి. ఒకదానికి టర్బో కంప్రెసర్ ఒంటి మీద ఉండే ముక్కు నుంచి గాలి వస్తుంది, ఇంకొకటి యాక్చుయేటర్‌కు పోతుంది, మూడోది బయటి గాలిలోకి తెరుచుకుంటుంది, దానికి చిన్న ఫిల్టరు తొడిగాను. కంపెనీని బట్టి రంధ్రాల అంకెలు మారుతుంటాయి కాబట్టి అంకెలను నమ్మకుండా నోటితో ఊది చూడాలి. కరెంటు లేనప్పుడు టర్బో వైపు నుంచి ఊదితే గాలి యాక్చుయేటర్ వైపు నుంచే రావాలి, కరెంటు ఇస్తే ఆ దారి మూసుకోవాలి. ఇలా ఉంటే రేపు ఫ్యూజు పోయినా వైరు తెగినా బూస్ట్ తనంతట తానే 6కి పడిపోతుంది. తిరగేసి బిగించారంటే ఫ్యూజు పోయిన రోజే ఇంజన్ కూడా పోతుంది. పెట్టెలోని సెన్సరుకు వెళ్లే పైపు మాత్రం వేరు. దానిని యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ మూత దాటిన తరువాత, గాలిని సిలిండర్లకు పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి తీసుకోవాలి, ఎందుకంటే ఇంజన్ నిజంగా పీల్చుకుంటున్న పీడనం అక్కడే తెలుస్తుంది. సోలెనాయిడ్ టర్బోకు దగ్గరగా ఉంటే పైపు పొట్టిగా ఉండి చురుకుగా పనిచేస్తుంది, మరీ దగ్గరైతే వేడికి చస్తుంది. అందుకే ఎగ్జాస్ట్ వేడి తగలని పక్క గోడకు, జానెడు దూరంలో బిగించాను.

వ్యాఖ్యాత: వైర్ల సంగతి?

మెకానిక్: తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు నుంచి ఫ్యూజు వేసి తీసుకున్నాను, ఎర్తును రంగు గీకిన శుభ్రమైన ఇనుము మీద బిగించాను, కేబిన్‌లోకి పోయే చోట రబ్బరు బుష్ పెట్టాను. అందులో ఇంతకు మించిన విద్య ఏమీ లేదు.

వ్యాఖ్యాత: ఇక సెట్టింగులు. పుస్తకంలో డ్యూటీ, గెయిన్, స్టార్ట్ బూస్ట్ అని మూడు మాటలు చదివి నేను తికమకపడ్డాను.

మెకానిక్: సోలెనాయిడ్ వందలో ఎంత సమయం కరెంటుతో ఉంటుందో అదే డ్యూటీ. మొదట దానిని సున్నా చేసి నడపాలి, అప్పుడు ముల్లు స్ప్రింగు అంకె దగ్గర, అంటే 6 దగ్గర ఆగాలి. ఆగకపోతే పైపులలో తప్పున్నట్లే, అక్కడే ఆపేయాలి. 6 దగ్గర ఆగి, ఇంజన్ వేగం పెరిగేకొద్దీ మెల్లగా పైకి పాకుతూ ఉంటే వేస్ట్‌గేట్ దారి చిన్నదని అర్థం, దానిని ఏ కంట్రోలరూ బాగుచేయలేదు. సున్నా సరిగా వచ్చాక అయిదేసి శాతం పెంచుతూ, ప్రతిసారీ ఒకే గేరులో, నాలుగో గేరు అయితే మేలు, తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కి చూడాలి. కింది గేర్లలో ఇంజన్ మీద బరువు తక్కువగా ఉండి బూస్ట్ పూర్తిగా రాదు, రెండో గేరులో 9 పెట్టుకున్నవాళ్లకు నాలుగో గేరులో 11 కనిపించి గుండె జారుతుంది. స్టార్ట్ బూస్ట్ అంటే, ఆ అంకె వచ్చేదాకా వేస్ట్‌గేట్‌కు గాలి అసలు అందనీయకుండా గట్టిగా మూసి ఉంచడం. లేకపోతే 3, 4 దగ్గరే గేట్ సందు ఇచ్చి వాయువులు వృథాగా పోతాయి, బూస్ట్ ఆలస్యంగా లేస్తుంది. నా లెక్కలో ఈ పెట్టెకు పెట్టిన డబ్బు అక్కడే గిట్టుబాటవుతుంది, పైన వచ్చే 3 పీఎస్‌ఐ కంటే బూస్ట్ ముందుగా లేవడమే రోజూ నడిపేవాళ్లకు ఉపయోగం. మీకు దానిని 6 దగ్గర పెట్టాను. 9కి మరీ దగ్గరగా పెడితే ముల్లు 9ని దాటి ఎగిరి కిందికి వస్తుంది. బూస్ట్ తప్పినప్పుడు పెట్టె ఎంత గట్టిగా సర్దుతుందన్నది గెయిన్. అది ఎక్కువైతే ముల్లు ఊయలలాగా ఊగుతుంది, తక్కువైతే అందుకోవడానికి తీరిక చేసుకుంటుంది. ఓవర్‌బూస్ట్ హెచ్చరికను 11 దగ్గర పెట్టాను.

వ్యాఖ్యాత: నడుపుతున్నప్పుడు మీ చూపు బూస్ట్ మీటరు మీద కాకుండా పక్క మీటరు మీద ఉంది.

మెకానిక్: గాలికీ పెట్రోలుకూ ఉన్న నిష్పత్తి చూపించే మీటరు అది. పెట్రోలంతా మండడానికి కావలసినంత గాలి ఉంటే ల్యాంబ్డా 1, పెట్రోల్ ఎక్కువైతే 1 కంటే తక్కువ. పూర్తి బూస్ట్‌లో ల్యాంబ్డా 0.8 దగ్గర ఉండాలి. బంకుల్లో ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది కాబట్టి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అనే పాత లెక్క దానికి సరిపోదు, అందుకని ల్యాంబ్డాలోనే చదువుతాను. రెండోది వేడి. మన ఎండాకాలంలో 40 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ 6 పీఎస్‌ఐకి నొక్కితే అది సుమారు 86 డిగ్రీలకు, 9కి నొక్కితే సుమారు 105 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలర్ అందులో కొంత దించుతుంది గానీ, దానికి తగిలేది కూడా ఆ 40 డిగ్రీల గాలే. అందుకే జనవరిలో సరిగ్గా ఉన్న సెట్టింగు మే నెలలో నాకింగ్ ఇస్తుంది, అంటే సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి మండి కొట్టుకుంటుంది. నాకింగ్‌ను తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోల్ పోయించుకోండి, ఎండాకాలానికి 7 పీఎస్‌ఐతో రెండో సెట్టింగు దాచి ఉంచాను, అది వాడండి. ఒక మాట చెప్పాలి. 1980ల తొలినాళ్లలో స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ ఏపీసీ పేరుతో కార్లలో ఎలక్ట్రానిక్ బూస్ట్ నియంత్రణ తెచ్చినప్పుడు, ఇంజన్‌లో నాకింగ్ వినబడగానే సోలెనాయిడ్ ద్వారా బూస్ట్‌ను తగ్గించడం అందులోని అసలు తెలివి. ఇప్పుడు అందరూ పెంచే మీట కోసమే వెతుకుతున్నారు.

వ్యాఖ్యాత: కొండ మీదికి వెళ్లినప్పుడు ఈ అంకెలు మారతాయా?

మెకానిక్: మీ పెట్టె బయటి వాతావరణంతో పోల్చి కొలిచే రకం, కాబట్టి తిరుమలలో కూడా 9 అనే చూపిస్తుంది. తిరుపతిలో వాతావరణ పీడనం దాదాపు 99 కిలోపాస్కల్‌లు, పైన దాదాపు 90. మీటరులో అంకె మారకపోయినా ఇంజన్‌కు అందే గాలి ఆ మేరకు తగ్గుతుంది, నష్టమేమీ లేదు. మొత్తం పీడనాన్ని లెక్కగట్టి నడిపే ఈసీయూలైతే ఆ లోటు పూడ్చడానికి టర్బోను ఇంకా వేగంగా తిప్పుతాయి. ఎటూ ఘాట్ రోడ్డులో పూర్తిగా తొక్కే పని పెట్టుకోవద్దు, అది కనీస ప్రయాణ సమయం విధించిన దారి, భక్తులు వెళ్లే దారి. పూర్తి బూస్ట్ పరీక్షలకు, బండిని రోలర్ల మీద నడిపి బలం కొలిచే డైనో ఉంది, లేదా శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది.

వ్యాఖ్యాత: చట్టం సంగతి కూడా అడగాలి కదా.

మెకానిక్: అడగాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా ఉంచితే క్లెయిము దగ్గర గొడవ వస్తుంది. పని ఒప్పుకునే ముందే ప్రతి ఒక్కరికీ ఈ మాట చెబుతాను, మీకూ చెప్పాను.

వ్యాఖ్యాత: చెప్పారు, నేను విన్నాను. బండి ఇప్పుడు తీసుకువెళ్లవచ్చా?

మెకానిక్: తీసుకువెళ్లండి, కానీ ఈ వారం 6 మీదే నడపండి. కొత్త పైపులు వేడికి మెత్తబడి, చల్లారాక క్లిప్పుల కింద కొంచెం సర్దుకుంటాయి. వచ్చే ఆదివారం పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా తీసుకురండి. ఆరు క్లిప్పులూ మళ్లీ బిగించి, అప్పుడు 9 తెరుస్తాను.