టీకా పిల్లల చేతుల మీద నడిచొచ్చింది

హోస్ట్: నమస్తే అండి. ఈ వారం టీకాల తొలి రోజుల గురించి మాట్లాడుకుందాం. కాలేజీలో నాకు మైక్రోబయాలజీ చెప్పిన మేడం మనతో ఉన్నారు. మేడం, మేమంతా బళ్ళో చదువుకున్నది ఒకటే కథ. జెన్నర్ అనే డాక్టరు, పాలు పితికే అమ్మాయి, 1796. అక్కడి నుంచే మొదలుపెడదామా?

మేడం: అక్కడి నుంచి మొదలుపెడితే చాలామందికి అన్యాయం చేసినట్టే. మశూచి నుంచి కాపాడుకునే పద్ధతి అంతకు చాలా ముందే ఉంది. చైనాలో 16వ శతాబ్దం నాటికే ఎండిన మశూచి పక్కుల్ని పొడి చేసి ముక్కులోకి ఊదేవాళ్ళు. మన దేశంలో, ముఖ్యంగా బెంగాల్ వైపు, టీకాదార్లు ఊరూరా తిరిగేవాళ్ళు. చేతి మీద చిన్న గాటు పెట్టి, అంతకుముందు ఏడాది పొక్కుల నుంచి తీసి దాచినదాన్ని అక్కడ అద్దేవాళ్ళు. ఫలానావి తినకూడదు, చన్నీళ్ళు పోసుకోవాలి అని పథ్యం కూడా ఉండేది. హాల్వెల్ అనే ఇంగ్లీషాయన ఇదంతా చూసి 1767లో లండన్ వైద్యులకు వివరంగా రాశాడు.

హోస్ట్: అంటే అసలు మశూచినే ఎక్కించేవాళ్ళా? ప్రమాదం కదా!

మేడం: ప్రమాదమే. మామూలుగా సోకితే నూటికి ఇరవై, ముప్ఫై మంది పోయేవాళ్ళు. ఇలా చర్మానికి అంటిస్తే ఎక్కువమందికి తేలిగ్గా వచ్చి తగ్గిపోయేది, నూటికి ఒకరో ఇద్దరో చనిపోయేవాళ్ళు. పైగా అంటించుకున్నవాళ్ళ నుంచి పక్కింటివాళ్ళకి అసలు మశూచే సోకవచ్చు. అన్నీ తెలిసి కూడా తల్లిదండ్రులు పిల్లల చెయ్యి చాపించారంటే, ఆ జబ్బంటే ఎంత భయమో నువ్వే ఆలోచించు.

హోస్ట్: మరి ఇంగ్లండ్‌కి ఎలా చేరింది?

మేడం: ఇస్తాంబుల్ నుంచి. అక్కడి బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ మాంటెగు. మశూచి ఆవిడ తమ్ముణ్ణి తీసుకుపోయింది, ఆవిడ ముఖం నిండా మచ్చలు మిగిల్చింది. ఇస్తాంబుల్‌లో ముసలమ్మలు సూదితో ఈ పని చేయడం చూసి 1718లో కొడుక్కి చేయించింది. 1721లో లండన్‌లో కూతురికీ చేయించింది. అదే ఏడు బోస్టన్‌లో మశూచి చెలరేగింది. అక్కడి కథ అందరికీ తెలియాలని నా కోరిక.

హోస్ట్: చెప్పండి.

మేడం: ఒనేసిమస్ అని, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస. కాటన్ మాథర్ అనే మతబోధకుడి ఇంట్లో ఉండేవాడు. నీకెప్పుడైనా మశూచి వచ్చిందా అని మాథర్ అడిగితే, మా దేశంలో చేతికి అంటించారు, ఇంక రాదు అని మచ్చ చూపించాడు. మాథర్ ఆ మాట నమ్మి ఊళ్ళో వైద్యులందరికీ చెప్పాడు. ముందుకొచ్చింది ఒక్కడే, జాబ్డియల్ బాయ్‌ల్‌స్టన్. తన ఆరేళ్ళ కొడుకుతోనే మొదలుపెట్టాడు. ఊరు మండిపడింది, మాథర్ ఇంట్లోకి ఎవరో బాంబు విసిరారు. చివరికి లెక్క చూస్తే, అంటించుకున్న దాదాపు 240 మందిలో ఆరుగురు పోయారు. మామూలుగా సోకినవాళ్ళలో నూటికి 14 మంది. ఒక వైద్య పద్ధతిని ఇలా అంకెలతో పోల్చి చూడడం ఆ రోజుల్లో చాలా అరుదు.

హోస్ట్: ఇక జెన్నర్ దగ్గరికొద్దాం.

మేడం: పశువుల దగ్గర పనిచేసేవాళ్ళకి ఓ సంగతి ముందే తెలుసు. ఆవు పొదుగు మీద వచ్చే పొక్కులు చేతికి అంటుకున్నవాళ్ళకి మశూచి రాదు. 1774లో బెంజమిన్ జెస్టీ అనే రైతు, ఊళ్ళో మశూచి ఉండగా, ఆ పొక్కుల రసిని భార్యకీ ఇద్దరు కొడుకులకీ సూదితో ఎక్కించాడు. జెన్నర్ కంటే 22 ఏళ్ళ ముందు! జెన్నర్ 1796 మే 14న సారా నెల్మ్స్ అనే పాలమ్మాయి చేతి పొక్కు నుంచి తీసి, ఎనిమిదేళ్ళ జేమ్స్ ఫిప్స్‌కి ఎక్కించాడు. జులై 1న ఆ పిల్లాడికి కావాలనే అసలు మశూచి అంటించి చూశాడు. రాలేదు.

హోస్ట్: కావాలనే! వింటుంటేనే టెన్షన్‌గా ఉంది.

మేడం: ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఆ పిల్లాడు తోటమాలి కొడుకు. ఎందుకు వాడే అని అడగాల్సిందే. అయినా జెన్నర్ గొప్పతనం కూడా ఉంది. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఆయన రాసింది అచ్చు వేసుకోనంటే, 1798లో సొంత డబ్బుతో పుస్తకం అచ్చేయించాడు, పద్ధతిని దాచుకోకుండా అందరికీ పంచాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతిసారీ ఆవు అక్కర్లేదని చూపించాడు. ఒకరి చేతి పొక్కు నుంచి ఇంకొకరికి, వాళ్ళ నుంచి మరొకరికి ఎక్కించవచ్చు. పక్కింటి నుంచి పెరుగు తోడు తెచ్చుకున్నట్టు.

హోస్ట్: ఫ్రిజ్‌లు లేని కాలం కదా. దూరాలకి ఎలా పంపారు?

మేడం: దారాలకి అద్ది, గాజుపలకల మధ్య పెట్టి పంపేవాళ్ళు. దగ్గరి దేశాలకైతే సరే. ఎండలో, నెలల తరబడి సముద్రంలో అది చచ్చిపోయేది. అందుకే 1803 నవంబరులో స్పెయిన్ నుంచి బాల్మిస్ అనే డాక్టరు ఓడలో 22 మంది అనాథ పిల్లల్ని ఎక్కించుకున్నాడు. తొమ్మిది, పది రోజులకోసారి ఇద్దరేసి పిల్లలకి టీకా వేసేవాళ్ళు. ఒకరిది పాడైతే ఇంకొకరిది ఉండాలని. అమెరికా ఖండం చేరేసరికి టీకా బతికే ఉంది. పిల్లల్ని చూసుకున్నది ఇసబెల్ సెండాల్, అనాథాశ్రమం నడిపిన ఆవిడ. తన కొడుకునీ వెంట తీసుకెళ్ళింది.

హోస్ట్: మనదాకా ఎలా వచ్చింది?

మేడం: అదీ ఇలాంటిదే. వియన్నా నుంచి ఇస్తాంబుల్, అక్కడి నుంచి బాగ్దాద్, బస్రా. దారిలో మనిషి నుంచి మనిషికి బతికిస్తూ, బస్రా నుంచి ఓడలో బొంబాయికి. 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకి వేశారు. మన దేశంలో టీకా పట్టిన మొదటి మనిషి ఆ పాపే. ఆ చేతి పొక్కు నుంచి ఇంకో ఐదుగురు పిల్లలకి వేశారు. అలా చేతి నుంచి చేతికి పూనా, సూరత్, హైదరాబాద్, మద్రాసు. హైదరాబాద్‌కి టీకా వచ్చింది ఆ పాప చేతి నుంచే అని మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

హోస్ట్: నాకూ తెలీదు మేడం. జనం ఒప్పుకున్నారా మరి?

మేడం: చాలాచోట్ల లేదు. దాన్ని అజ్ఞానం అని తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది. టీకా పడిన వారానికి ఆ పొక్కునే మళ్ళీ గిచ్చి రసి తీసేవాళ్ళు, పిల్లలు ఏడ్చేవాళ్ళు. తల్లులు పిల్లల్ని దాచెయ్యరా? ఎవరి ఒంట్లోది మన పిల్లల ఒంట్లోకి వస్తోందన్న కులం పట్టింపు కూడా ఉండేది, అది నిజమే. కానీ జబ్బుల భయం మాత్రం సహేతుకం. 1861లో ఇటలీలో రివాల్టా అనే ఊళ్ళో ఒకే పిల్లాడి నుంచి తీసిన రసితో పదుల మంది పిల్లలకి సిఫిలిస్ అనే సుఖవ్యాధి అంటుకుంది. అందుకే తర్వాత దూడల చర్మం మీద పెంచడం మొదలైంది. మద్రాసు గిండీలో 1899లో మొదలైన కింగ్ ఇన్‌స్టిట్యూట్ అందుకే పెట్టింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయిగా.

హోస్ట్: దూడల మీద పెంచిన టీకాతోనే మశూచి పోయిందా?

మేడం: 20వ శతాబ్దంలో దాన్నే ఆరబెట్టి పొడిగా చేయడం నేర్చుకున్నాక ఎండ దేశాల్లో కూడా పాడవకుండా పనిచేసింది. మన దేశంలో చివరి కేసులు 1975లో. 1980 మే 8న ప్రపంచంలోనే లేదని ప్రకటించారు.

హోస్ట్: వింటున్నవాళ్ళకి ఓ విన్నపం. ఊళ్ళోకి టీకాలవాళ్ళు వచ్చిన రోజుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళ మాటల్లోనే రికార్డు చేసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో బొంబాయి ప్లేగు, దానికి టీకా తయారుచేసిన హాఫ్‌కిన్. మేడం, మీరు మళ్ళీ రావాలి.

మేడం: తప్పకుండా. ఆ ప్లేగు టీకాని ఆయన ముందు తన ఒంటికే వేసుకున్నాడు. అక్కడి నుంచి మొదలుపెడదాం.